సామాను మోసినవారి చేతికి నేరుగా

సామాను దింపడం పూర్తయ్యాక గుమ్మం దగ్గర జరిగే చిన్న బేరం మన నగరాల్లో ఇల్లు మారినవారిలో చాలామందికి తెలిసిందే. ప్యాకర్స్ అండ్ మూవర్స్ కంపెనీకి ఇవ్వాల్సింది ఫోన్‌లో పంపేశారు. బండి ఖాళీ అయింది. నలుగురు కూలీల్లో కాస్త పెద్దవాడు ముందుకొచ్చి "సార్, చాయ్‌కి ఏమైనా..." అంటాడు. "మొత్తం కంపెనీకే కట్టాం కదా" అంటాడు ఇంటాయన. ఆ మాట వంద దగ్గర మొదలై రెండు వందల దగ్గర ఆగుతుంది, లేదా మాటామాటా పెరిగి ఆగుతుంది. అడిగినవాడికి చిన్నతనంగా ఉంటుంది, ఇచ్చినవాడికి తనను పిండారన్న అనుమానం మిగులుతుంది. ఈ రెండూ అక్కర్లేదని నా నమ్మకం. సామాను మోసినవారికి మనిషికింత అని, వాళ్లు అడగకముందే, ఎవరి చేతికి వారికి ఇవ్వడం ఇల్లు మారే ఖర్చులో ఒక పద్దు కావాలి. అద్దె అడ్వాన్సు, బండి కిరాయి రాసుకున్న కాగితం మీదే దాన్నీ రాసుకోవాలి. ఆఖరి నిమిషంలో వారి మొహాలు చూసి, మన అలసట చూసుకుని తేల్చే విషయంగా అది ఉండకూడదు.

ఆ పని ఎలాంటిదో ముందు చూద్దాం. సిమెంటు బస్తా బరువు 50 కిలోలు. ఒక పురుషుడు ఒంటరిగా మోసే బరువు 55 కిలోలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. ఇప్పుడు ఒక మామూలు మధ్యతరగతి ఇంటి సామాను తీసుకోండి. ముందువైపు తలుపు ఉన్న వాషింగ్ మెషీన్‌లో, డ్రమ్ము తిరిగేటప్పుడు మెషీన్ ఊగిపోకుండా లోపల బరువు దిమ్మలు బిగిస్తారు. అందుకే చూడ్డానికి చిన్నదైనా అది 60, 70 కిలోలు తూగుతుంది. పెద్ద ఫ్రిజ్ అయితే ఇంకా ఎక్కువ. ఆపైన ఇనప బీరువా, టేకు మంచం, పుస్తకాలు కుక్కిన అట్టపెట్టెలు. లిఫ్టులో పట్టనివన్నీ మెట్ల మీదుగానే పోవాలి. మూడంతస్తుల పాత అపార్ట్‌మెంట్లలో చాలావాటికి లిఫ్టే లేదు. మెట్ల మలుపు దగ్గర పైనున్నవాడు నడుము వంచాలి, కిందున్నవాడు బరువంతా భుజం మీదికి తీసుకోవాలి. అప్పుడు గోడకు గీత పడినా, తలుపు చెక్క లేచినా జవాబు చెప్పాల్సింది వాళ్లే. ఇది ఏ కాలంలో జరుగుతుందో కూడా గుర్తుంచుకోవాలి. పిల్లల బడులు జూన్‌లో తెరుస్తారు. ఆషాఢంలో ఇల్లు మారడానికి మనవాళ్లు ఇష్టపడరు. అందుకే మార్పిళ్లలో చాలా భాగం ఏప్రిల్, మే నెలల్లోకి, అంటే హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లోకి వచ్చిపడతాయి. తెల్లవారుజామున పాలు పొంగించే ముహూర్తం ఉంటే, గ్యాసు స్టవ్వు, నాలుగు గిన్నెలు ఆ వేళకి చేరేలా చూడాల్సింది కూడా వీళ్లే.

ఇక డబ్బు ఎటు పోతుందో చూద్దాం. రెండు పడకగదుల ఇంటికి కంపెనీ 12,000 రూపాయలు చెప్పిందనుకోండి. అందులో బండి కిరాయి, డీజిల్ ఉంటాయి. అట్టపెట్టెలు, బబుల్ షీటు, టేపు ఖర్చు ఉంటుంది. మన ఫోన్ నంబరు ఆ కంపెనీకి అందించిన వెబ్‌సైటుకో యాప్‌కో ఇచ్చే సొమ్ము ఉంటుంది. ఆఫీసు, సూపర్‌వైజరు, యజమాని లాభం ఉంటాయి. మనం గట్టిగా బేరమాడి 10,000కి తెచ్చామనుకోండి. డీజిల్ ధర మన కోసం తగ్గదు, బండివాడు తన కిరాయి తగ్గించుకోడు, వెబ్‌సైటు తన వాటా వదులుకోదు. తగ్గించడానికి వీలున్నది ఒక్కటే, మనుషుల లెక్క. ఐదుగురు రావాల్సిన చోట నలుగురు వస్తారు. లేదా ఉదయం ఒక ఇల్లు, మధ్యాహ్నం ఇంకో ఇల్లు అని అదే నలుగురి చేత రెండు ఇళ్లు మోయిస్తారు. కూలీ రోజుకింత అనో, ట్రిప్పుకింత అనో ముందే తెగిపోయి ఉంటుంది కాబట్టి పని రాత్రి పదింటిదాకా సాగినా వాళ్ల చేతికి వచ్చేది పెద్దగా మారదు. మనం బేరంలో మిగుల్చుకున్నది యజమాని జేబులోంచి వచ్చిందని అనుకుంటాం. చాలాసార్లు అది వచ్చేది రాకుండా పోయిన ఆ ఐదో మనిషి కూలీలోంచి, అతని బరువు కూడా పంచుకున్న మిగతా నలుగురి నడుముల్లోంచి. బేరం ఆడొద్దని నేను అనడం లేదు. తగ్గించుకున్న దాంట్లో ఒక భాగాన్ని మోసినవారికి నేరుగా తిరిగి ఇవ్వడం న్యాయమని అంటున్నాను.

చట్టం వీళ్లను చూసుకుంటుంది కదా అనేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. 1969లో మహారాష్ట్ర మాథాడి కార్మికుల చట్టం తెచ్చింది. మోయించుకునే వ్యాపారుల నుంచి కూలీ మీద అదనంగా లెవీ వసూలు చేసి, ప్రావిడెంట్ ఫండ్, సెలవులు, వైద్యం లాంటివి బోర్డు ద్వారా అందించే ఏర్పాటు అది. 1978లో కేరళ తలమీద బరువులు మోసేవారి కోసం ఇలాంటి చట్టమే చేసింది. ఈ రెంటికీ మధ్య 1976లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ముఠా, జట్టు, హమాలీ కార్మికుల ఉపాధి, సంక్షేమాల కోసం ఒక చట్టం చేసింది. కోస్తాలో ముఠా అన్నా, తెలంగాణలో హమాలీ అన్నా, విశాఖలో కళాసీ అన్నా అందరూ బరువు మోసి బతికేవారే. అయితే సంక్షేమ బోర్డు కావాలని రెండు రాష్ట్రాల్లోనూ హమాలీ సంఘాలు ఇంకా అడగాల్సి వస్తూనే ఉంది. అదీ గోదాములు, మార్కెట్ యార్డుల్లో జట్లుగా ఉండి, ఒక సంఘమంటూ ఉన్నవారి సంగతి. ఇంటి సామాను మోసేవాడికి ఆ సంఘబలం కూడా అరుదే. అతను బిహార్ నుంచో, ఒడిశా నుంచో, పాలమూరు పల్లె నుంచో వచ్చి ఒక గదిలో పదిమందితో ఉంటాడు, లేదా పొద్దున్నే అడ్డా మీద నిలబడి పిలిచినవాడి బండెక్కుతాడు. మామూలుగా పదిమంది పనివాళ్లు ఉంటేగానీ సంస్థకు ఈఎస్ఐ, ఇరవైమంది ఉంటేగానీ పీఎఫ్ తప్పనిసరి కావు. ఇద్దరు శాశ్వత ఉద్యోగులతో, మిగతా అంతా రోజుకూలీలతో నడిచే ఆఫీసులు ఆ గీతకు ఎప్పుడూ ఇవతలే ఉంటాయి. నడుము పట్టేస్తే ఆ వారం కూలీ ఉండదు, మందుల ఖర్చు తనదే.

మన ఆచారంలో పనివాణ్ని గౌరవించే పద్ధతి లేకపోలేదు. ఇల్లు కట్టించుకున్నవారు గృహప్రవేశం నాడు మేస్త్రీకి, వడ్రంగికి కొత్త బట్టలు పెడతారు. వాళ్లకు కూలీ అంతా ముట్టాక కూడా పెడతారు. కాంట్రాక్టరుకు ఇచ్చేశాం కదా అని ఎవరూ ఆగరు. పురోహితుడికి దక్షిణ విడిగా పళ్లెంలో పెట్టి, దణ్ణం పెట్టి ఇస్తారు. ఇంత పద్ధతి తెలిసిన ఇళ్లలోనే, అదే ఉదయం దేవుడి మందసం నుంచి మంచం దాకా భుజాన వేసుకుని తెచ్చినవాడి విషయానికి వచ్చేసరికి ఏ పద్ధతీ లేదు. అద్దె ఇళ్ల మార్పిడి మన జీవితాల్లోకి వచ్చింది ఈమధ్యనే, ఇంత తరచుగా రావడం ఇంకా ఈమధ్య. దానికి ఆచారం ఏర్పడేంత కాలం ఇంకా గడవలేదు. ఆచారం లేనిచోట ఎవరి మూడ్‌ను బట్టి వాళ్లు చేస్తారు. గుమ్మం దగ్గర గొడవకు సగం కారణం అదే.

కంపెనీకి కట్టాం, ఇంకెందుకివ్వాలి అన్న ప్రశ్న తప్పు కాదు. చట్టం కూడా ఆ ప్రశ్న వేసేవారి పక్షానే ఉంది. హోటళ్లు బిల్లులో సర్వీసు చార్జీని తమంతట తామే కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇష్టమైతే ఇచ్చేదాన్ని బలవంతపు రుసుముగా మార్చకూడదన్నది దాని సారం. నేనూ అదే అంటాను. ఇవ్వనివారిని ఎవరూ నిలదీయకూడదు. కానీ ఇవ్వాలా వద్దా అని మనసుకు వదిలేసిన విషయంలో మనసు ఆలోచించాల్సింది చాలా ఉంటుంది. హోటల్లో దోసె తెచ్చిపెట్టినవాడికి చిల్లర వదిలి రావడం మనకు మామూలే. పది గంటలు మన ఇంటి మొత్తాన్ని మోసి, బెడ్‌రూములో ఏ బీరువాలో ఏముందో చూసి కూడా ఒక్క చెంచా పోకుండా చేర్చినవాడి దగ్గరికొచ్చేసరికి అది గుర్తుకురాకపోవడం లెక్కకు నిలవదు.

ఇంకా బలమైన అభ్యంతరం ఒకటుంది. ఇది అలవాటు చేస్తే రేపు హక్కుగా అడుగుతారు, ఇవ్వకపోతే సామాను దింపరు, చివరికి మామూళ్ల వసూలు అవుతుంది అని. ఈ భయానికి ఆధారం ఉంది. కేరళలో నోక్కుకూలి అని ఉండేది. ఇంటాయన తన సామాను తానే దింపుకున్నా, యంత్రంతో దింపించుకున్నా, పక్కన నిలబడి చూసినందుకు కూలీ ఇవ్వాల్సి వచ్చేది. కార్మికుల పక్షాన నిలిచే ప్రభుత్వమే 2018 మే 1న దాన్ని రద్దు చేయాల్సి వచ్చింది. అయినా వేళ్లు పోలేదని 2021లో కేరళ హైకోర్టు గట్టిగా మందలించింది. ఇక్కడ కూడా బండిని దారిలో ఆపి ఇంకో రెండు వేలు ఇస్తేనే కదులుతుందని బెదిరించే కంపెనీలపై ఫిర్యాదులు తరచుగా వింటాం. అది నేరమే. అలాంటివాళ్లకు అణా కూడా ఇవ్వకుండా పోలీసులకు ఫిర్యాదు చేయాలి. అయితే ఈ బెదిరింపు ఎవరి నుంచి వస్తోందో చూడండి. తక్కువ రేటు చెప్పి పని పట్టుకుని, సామాను బండిలోకి ఎక్కాక అసలు రేటు బయటపెట్టే యజమాని ఎత్తు అది. మోసేవాడు చేసేది ఎక్కువలో ఎక్కువ గుమ్మం దగ్గర చేతులు నలుపుకుంటూ అడగడం. యజమాని చేసే దోపిడీకి శిక్ష కూలీకి వేయకూడదు. పైగా దేనికెంతో తెలియనిచోటే బలవంతానికి సందు దొరుకుతుంది. ఫలానా పనికి మనిషికి ఇంత ఇస్తారని ఊరంతా తెలిసి ఉంటే అంతకు మించి అడిగేవాడు తేలిగ్గా బయటపడతాడు. ఇచ్చేవాడికీ ఎంత ఇవ్వాలో తేలకపోవడమన్న బాధ ఉండదు.

మూడో అభ్యంతరం కార్మికుల మేలు కోరేవారే చెబుతారు. మనం పైనుంచి ఇస్తూ పోతే యజమాని ఆ మేరకు కూలీ కోస్తాడని. అమెరికాలో జరిగింది ఇదే. టిప్పులు వచ్చే ఉద్యోగులకు అక్కడి ఫెడరల్ కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు, 1991 నుంచి అది కదల్లేదు. మిగతాది గిరాకీలిచ్చే టిప్పులతో సరిపెట్టుకునే వీలు యజమానులకు ఇచ్చారు. మన దేశంలోనూ హోటల్ సిబ్బందికి వచ్చే టిప్పులు యజమాని ఇచ్చే జీతంలో భాగం కావని 2016లో సుప్రీంకోర్టు ఆదాయపు పన్ను కేసులో చెప్పింది. జీతం కానిదాని మీద పీఎఫ్ పెరగదు, ఈఎస్ఐ రాదు. కాబట్టి టిప్పు ఎంత ఇచ్చినా అది న్యాయమైన కూలీకి సాటి రాదు, ఈ మాట నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ దీన్నుంచి ఇవ్వకుండా ఉండటమే మేలన్న ముగింపు రాదు. హమాలీ బోర్డు వచ్చేదాకా, ఆ 1976 చట్టానికి ప్రాణం వచ్చేదాకా నడుము నొప్పి ఆగదు. అమెరికాలో చెడింది టిప్పు ఉండటం వల్ల కాదు, దాన్ని చూపించి వేతనాన్ని తొక్కిపెట్టే వీలు చట్టంలోనే కల్పించడం వల్ల. మన దగ్గర అలాంటి నిబంధన రాకుండా చూసుకోవాలి. కంపెనీతో మాట్లాడేటప్పుడు ఎంతమంది వస్తారు, వాళ్ల కూలీ మీ రేటులో ఉందా అని అడగాలి. అడిగేవాళ్లు పెరిగితే జవాబులు కూడా మారతాయి.

ఎంత ఇవ్వాలి అన్నది తేల్చకుండా ఇదంతా చెప్పి లాభం లేదు. నా లెక్క ఇది. ఊళ్లోనే ఒక పూట పనికి మనిషికి 200 రూపాయలు, రోజంతా పట్టే పనికి 300. లిఫ్టు లేని మూడో అంతస్తు అయితే, లేదా పియానో, రాతి టేబుల్ లాంటివి ఉంటే 500. బండి డ్రైవరు కూడా సామాను పట్టుకుంటే అతనికీ అంతే. రోజంతా పనికి నలుగురికి పన్నెండు వందలవుతుంది; పదివేల ఖర్చులో అది దాదాపు ఎనిమిదో వంతు. అంత కుదరని ఇల్లు సగం ఇచ్చినా, చేతికి చేతికి ఇస్తే దాని విలువ దానికుంది. మొత్తం తీసుకెళ్లి సూపర్‌వైజరు చేతిలో పెట్టడం మాత్రం మంచిది కాదు. పంపకం ఎలా జరిగిందో మనకు తెలియదు, అందరికన్నా చిన్న కుర్రాడికి తక్కువ దక్కే అవకాశమే ఎక్కువ. నోట్లు ముందురోజే విడగొట్టి ఉంచుకోవాలి. ఇస్తామన్న మాట ఉదయమే చెప్పేస్తే వాళ్లకు అడగాల్సిన అవసరం ఉండదు. డబ్బు మాత్రం పని అయ్యాకే ఇవ్వాలి. ముందే టిప్పు ఎరవేసి పని చేయించుకునే పద్ధతి ఎంత చెడ్డదో 2025 మే నెలలో ఉబర్ అడ్వాన్స్ టిప్ మీద కేంద్ర వినియోగదారుల సంస్థ నోటీసు ఇచ్చినప్పుడు చూశాం. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు ఇల్లు మారేటప్పుడు మనిషికి ఇరవై డాలర్లో, ఎక్కువో లెక్కగట్టి ఇస్తారు, అక్కడ అది మామూలు మర్యాద. టిప్పు ఆనవాయితీ దాదాపు లేని జపాన్‌లో సైతం ఇంటి సామాను మోసేవారికి చిన్న కవరులో డబ్బో, చల్లని పానీయాలో ఇచ్చే పాత అలవాటు ఉంది. అమెరికాలో తప్పక ఇచ్చే మనిషే హైదరాబాద్‌లో తల్లిదండ్రుల ఇల్లు మార్పిస్తూ వంద రూపాయల దగ్గర వాదించడం సరికాదు.

ఏదైనా పగిలితే? గాజు టేబుల్‌కు బీట పడితే ఎవరూ సంతోషంగా డబ్బు తీయరు, తీయమని నేనూ చెప్పను. అయితే పగిలినదానికి బాధ్యత కంపెనీది. రవాణా బీమా కట్టి ఉంటే బీమాది. జాగ్రత్తగా పట్టుకున్నా జారింది వేరు, విసిరేసి పగలగొట్టింది వేరు. రెండోదైతే ఆ మనిషికి ఇవ్వకపోవడం న్యాయం. మొదటిదానికి నలుగురి కష్టాన్నీ కోయడం న్యాయం కాదు. దీనికి ముందు మన వంతు పని కూడా ఒకటి ఉంది. ఉన్న సామానంతా ఉన్నట్టు చెప్పడం. అటక మీది పెట్టెలు, బాల్కనీలో ఇరవై మొక్కల కుండీలు దాచిపెట్టి తక్కువ రేటు తెచ్చుకుంటే, ఆ దాచిన బరువు మోసేది రేటు చెప్పిన ఆఫీసువాడు కాదు.

పెద్దగా డబ్బు ఖర్చు లేని మర్యాదలు ఇంకా ముఖ్యమని నాకనిపిస్తుంది, ఎందుకంటే వాటిని ఎగ్గొట్టడానికి బడ్జెట్‌ను సాకుగా చూపలేం. వంటసామాను ముందే ప్యాక్ అయిపోతుంది కాబట్టి ఆ రోజు ఇంట్లో నీళ్లు ఇవ్వడానికి గ్లాసు కూడా ఉండదు. రెండు ఇరవై లీటర్ల క్యాన్లు, కాగితపు గ్లాసులు విడిగా పెట్టుకోవడం పెద్ద పని కాదు. మధ్యాహ్నం మనకు బిర్యానీ తెప్పించుకుంటున్నప్పుడు నాలుగు పొట్లాలు ఎక్కువ చెప్పడం కూడా అంతే. పని మొదలెట్టేముందు పేరు అడిగి పిలవడం, వయసులో పెద్దవాణ్ని "అన్నా" అనడం, "ఏయ్" అనకపోవడం. పాత బట్టలు, పనికిరాని స్టూలు ఇచ్చి అదే బహుమతి అనుకోకూడదు. కావాలంటే అవి కూడా ఇవ్వండి, డబ్బుకు బదులుగా మాత్రం ఇవ్వొద్దు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది లిఫ్టు, మరుగుదొడ్డి. మార్పిడి చార్జీ అని రెండు మూడు వేలు వసూలు చేసే అపార్ట్‌మెంట్ సంఘాలే కూలీలను మెట్లెక్కి పొమ్మంటాయి. లిఫ్టు పాడవుతుందని భయముంటే లోపల ప్లైవుడ్ పలకలో, పాత దుప్పటో కడితే సరిపోతుంది. పది గంటలు పనిచేసే మనిషి మూత్రానికి ఎక్కడికి పోవాలో ఏ నోటీసు బోర్డులోనూ ఉండదు. సెక్యూరిటీ గది పక్కన ఉన్న మరుగుదొడ్డి తలుపు వాళ్లకు తెరవమని ఒక్క మాట చెబితే చాలు.

కంపెనీలవాళ్లు తమ కొటేషన్‌లో కూలీల సంఖ్య, పని గంటలు, మనిషికి ఇచ్చే కూలీ రాయాలి. అపార్ట్‌మెంట్ సంఘాలు తాము తీసుకునే మార్పిడి చార్జీలోంచి లిఫ్టుకు పలకలు, కిందనే తాగునీళ్లు ఏర్పాటు చేయాలి. ఈ నెలాఖరున ఇల్లు మారబోతున్నవారు మాత్రం వాళ్ల కోసం ఆగాల్సిన పని లేదు. ముందురోజు సాయంత్రం ఏటీఎంకు వెళ్లినప్పుడు, వచ్చే మనుషులెంతమందో కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుని, అన్ని వంద నోట్లు, రెండు వందల నోట్లు విడిగా తెచ్చిపెట్టుకోండి.